5 హండ్రెడ్‌వెయిట్ స్టీమ్ హేమర్‌ను గాలికి మార్చిన పని: పూర్తి వివరాలు

పాత స్టీమ్ హేమర్, అంటే ఆవిరి ఒత్తిడితో బరువైన సుత్తిని ఎత్తి కొట్టే యంత్రం, గాలి మీద నడుస్తుందా అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఒకటే. కదిలించడం తేలిక. పైపు బిగించి కంప్రెసర్ గాలి వదిలితే ఆ పూటే టప్ (లేచి పడి దెబ్బ వేసే బరువు) లేస్తుంది. కానీ ఆవిరి ఇన్నేళ్లూ సిలిండర్ లోపల అడగకుండానే చేసిపెట్టిన పనులు కొన్ని ఉన్నాయి. సందులు మూసింది, ఇనుమును వెచ్చగా ఉంచింది, నూనెను మోసుకెళ్లింది, రాత్రికి తనంతట తానే చల్లారి యంత్రంలో ఒత్తిడి లేకుండా చేసింది. గాలి వీటిలో ఒక్కటీ చేయదు. ప్రతి దానికీ మనమే వేరే ఏర్పాటు చూడాలి. మా దగ్గర డబ్బూ శ్రమా ఎక్కువగా పోయింది అక్కడే. అందుకే ఈ వివరాల్లో కూడా వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

మా ఫోర్జ్ విజయవాడ శివారులో ఉంది. కల్టివేటర్ షాంకులు, చిన్న షాఫ్టులు, గునపాలు, క్వారీ ఉలులు చేస్తాం. ఇంతకుముందు 150 కిలోల సెల్ఫ్ కంటెయిన్డ్ న్యూమాటిక్ హేమర్ (సొంత మోటారుతో తన గాలిని తానే నొక్కుకునే రకం) ఒకటే ఉండేది. 50 మి.మీ. కమ్మి వరకు దానికి ఢోకా లేదు. 75 మి.మీ. చదరపు బిల్లెట్ పెడితే మాత్రం దెబ్బ పైపైనే ఆగిపోయేది, లోపలి ఇనుము కదిలేది కాదు. కొస దగ్గర అంచులు బయటికి పొంగి, మధ్యలో గుంట పడేది. చిన్న హేమర్‌తో పెద్ద సెక్షన్ కొట్టినవాళ్లందరికీ తెలిసిన గుర్తు అది.

250 కిలోల సెల్ఫ్ కంటెయిన్డ్ హేమర్ కొత్తది కొనొచ్చు. అలాంటి దానికి 22 కిలోవాట్ల మోటార్ చాలు. కరెంటు లెక్కలో అదే మెరుగని ముందే ఒప్పుకుంటాను. అయినా నా మనసు స్టీమ్ హేమర్ మీదకే పోవడానికి కారణం కంట్రోల్. సెల్ఫ్ కంటెయిన్డ్ హేమర్‌లో మోటార్ తిప్పే పంపు పిస్టన్ ఊపును బట్టే దెబ్బ పడుతుంది. స్టీమ్ హేమర్‌లో వాల్వు నేరుగా డ్రైవర్ చేతిలో ఉంటుంది. టప్‌ను పైన ఆపొచ్చు, మెల్లగా దించి కమ్మిని అదిమి పట్టొచ్చు, రెండు అంగుళాల చిన్న దెబ్బ వేసి వెంటనే నిండు దెబ్బ వేయొచ్చు. షాఫ్టుకు మెట్టు దింపేటప్పుడు ఈ తేడా ఎంత విలువైనదో చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఇంకో మాట. గాలి మీద నడపడం మేమేదో కొత్తగా కనిపెట్టింది కాదు. స్కాట్లాండ్ ఇంజినీర్ జేమ్స్ నాస్మిత్ 1839లో గ్రేట్ బ్రిటన్ ఓడ ప్యాడిల్ షాఫ్ట్ కోసం గీసిన మొదటి బొమ్మలో ఆవిరి పని టప్‌ను పైకెత్తడమే, కిందికి దాని బరువే పడేది. తర్వాత పై నుంచి కూడా ఆవిరితో నెట్టే డబుల్ యాక్టింగ్ హేమర్లు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో తయారీదారులు ఆవిరికీ గాలికీ రెండిటికీ హేమర్లు అమ్మారు. మాంచెస్టర్ ఓపెన్‌షాలోని బి అండ్ ఎస్ మాసీ వాళ్ల హేమర్లు మన దేశపు పాత వర్క్‌షాపుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ట్రాక్టర్ల మాసీకీ వీళ్లకూ సంబంధం లేదు. మాకు దొరికింది కూడా ఆ తరహా సింగిల్ ఫ్రేమ్ హేమరే. పేరు పలక మాత్రం లేదు.

కొనే ముందు చూసినవి

మూతపడిన ఒక వర్క్‌షాపు స్క్రాప్ వేలంలో దొరికింది. షరతు మామూలే: ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా. వేలంలో పోటీ పడేవాళ్లు దాన్ని కిలోల్లో చూస్తారు, పోత ఇనుము రేటు కట్టి పాడతారు. మనం యంత్రంగా చూడాలి కాబట్టి ముందురోజే వెళ్లి అన్నీ తడిమి చూసుకోవాలి.

నేను మొదట చూసింది దాగలి దిమ్మె, అంటే కింద నుంచి దెబ్బను తట్టుకునే ఇనుప దిమ్మె. ఈ తరహా హేమర్లలో ఫ్రేమ్ వేరు, దాగలి దిమ్మె వేరు. దిమ్మె టప్ బరువుకు పది రెట్లు ఉంటుంది, నేల కింద గుంటలో చెక్క మీద కూర్చుంటుంది. పైకి కనిపించేది ఒక మూల మాత్రమే. వేలం కాగితంలో దాని పేరు రాయకపోతే అది భూమిలోనే ఉండిపోతుంది. ఫ్రేమ్ ఇంటికి వచ్చాక రెండున్నర టన్నుల దిమ్మె కొత్తగా పోత పోయించాలంటే హేమర్ ధరను మించిపోతుంది. అందుకే దిమ్మె కూడా లాట్‌లో ఉందని రాతపూర్వకంగా అడిగి తీసుకున్నాం.

తర్వాత ఫ్రేమ్. గొంతు వంపు దగ్గర, సిలిండర్ కూర్చునే ఫ్లాంజ్ చుట్టూ పెయింట్ గీకించి, కంటికి కనిపించని పగుళ్లను రంగుతో బయటపెట్టే డై పెనిట్రెంట్ కొట్టించాను. పోత ఇనుములో పగులు వస్తే వెల్డింగ్‌తో పూడ్చిన చోట మళ్లీ వస్తుంది, దెబ్బలు తినే ఫ్రేమ్‌లో మరీను. పిస్టన్ రాడ్ టప్‌లోకి దిగే టేపర్ దగ్గర కూడా అదే పరీక్ష. రాడ్లు విరిగేది ఎక్కువగా అక్కడే, డై (కమ్మికి తగిలే ఉక్కు దిమ్మ) మధ్యలో కాకుండా పక్కకు కొట్టిన దెబ్బల వల్ల. వాల్వు గేర్‌లోని ఇత్తడి బుష్‌లు ఎవరో ఎప్పుడో పీకేసుకున్నారు. అవి లేత్ మీద చేయించుకోవచ్చు కాబట్టి బాధ లేదు. టప్ వెంట జారుతూ వాల్వును కదిలించే కత్తి లాంటి వంపు లీవర్ మాత్రం ఉండాలి. అదే లేకపోతే దాని వంపును మళ్లీ గీసి రాబట్టడం పెద్ద పని.

విప్పేటప్పుడు ఒక విషయంలో గట్టిగా ఉన్నాను. బిగుసుకుపోయిన కీలకూ బోల్టులకూ ఫ్రేమ్ మీద గ్యాస్ మంట పెట్టనివ్వలేదు. కిరోసిన్ పోసి నాననిచ్చి, బరువైన సుత్తితో మెల్లగా కదిలించాం. పోత ఇనుముకు ఒకే చోట వేడి తగిలితే పగులుతుంది. స్క్రాప్ విప్పే కుర్రాళ్లకు టార్చ్ అలవాటు, పక్కన నిలబడకపోతే క్షణంలో వెలిగిస్తారు.

సిలిండర్ చుట్టూ వేడి పోకుండా చుట్టిన పాత లాగింగ్ ఉంది. రాడ్ సిలిండర్ నుంచి బయటికి వచ్చే చోట లీకు ఆపే గ్లాండ్‌లో పాత తాడు ప్యాకింగ్ ఉంది. ఆ కాలపు వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుందనే అనుకుని పని చేయాలి. నీళ్లు చల్లి తడిపి, సరైన మాస్కులు పెట్టుకుని, పొడి లేవకుండా తీసి సంచుల్లో కట్టించాం. గాలికి లాగింగ్ అక్కర్లేదు, కాబట్టి కొత్తది వేసే పనే లేదు.

ఎంత గాలి కావాలి

సిలిండర్ బోర్ 200 మి.మీ., స్ట్రోక్ 500, రాడ్ 100. టప్, రాడ్, పిస్టన్, పై డై కలిపి సుమారు 254 కిలోలు, అంటే 5 హండ్రెడ్‌వెయిట్. పిస్టన్ పైన 15.7 లీటర్లు, కింద రాడ్ మందం పోగా 11.8 లీటర్లు. ఒక పూర్తి రాకపోకకు 27.5 లీటర్లు. గేజి మీద 5 బార్ ఉంటే బయటి గాలి ఒత్తిడి కూడా కలిపి అసలు ఒత్తిడి 6 బార్, కాబట్టి మామూలు గాలి లెక్కలో 165 లీటర్లు. పనిలో ప్రతి దెబ్బా నిండు స్ట్రోక్ కాదు. సగటున మూడింట రెండు వంతులు అనుకుంటే 110 లీటర్లు. నిమిషానికి 80 దెబ్బలంటే 8.8 ఘనపు మీటర్లు, అంటే 310 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగులు).

ఈ అంకె చూసి చాలామంది పెద్ద కంప్రెసర్ వైపు పరుగెత్తుతారు, లేదా ప్రాజెక్టే మానేస్తారు. నిజానికి ఫోర్జింగ్ పనిలో హేమర్ ఆగకుండా కొట్టదు. కమ్మి 1200 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది, నిమిషం లోపల దెబ్బలు పడతాయి, 850కి దిగేసరికి మళ్లీ ఫర్నేస్‌లోకి పోతుంది. తర్వాతి కమ్మి డై మీదికి వచ్చేసరికి రెండు నిమిషాలు. ఆ విరామంలో ట్యాంకు నిండితే చాలు. 30 కిలోవాట్ల స్క్రూ కంప్రెసర్ 7 బార్ దగ్గర నిమిషానికి దాదాపు 5 ఘనపు మీటర్లు ఇస్తుంది. కొట్టే నిమిషంలో లోటు 3.8. రెండు ఘనపు మీటర్ల ట్యాంకులో ఒత్తిడి 1 బార్ తగ్గితే రెండు ఘనపు మీటర్ల గాలి బయటికి వచ్చినట్టు. కాబట్టి 7 నుంచి 5 బార్‌కు దిగేలోపు ఆ లోటు పూడుతుంది. మా ఎంపిక ఈ లెక్క మీదే జరిగింది, పనిలో కూడా అలాగే తేలింది.

ట్యాంకు హేమర్‌కు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. హేమర్ గాలిని నిదానంగా తాగదు, ఒక్కసారిగా లాగుతుంది. సన్నటి పైపు దూరం నుంచి వేస్తే ట్యాంకు గేజి 6 చూపిస్తున్నా సిలిండర్ దగ్గర 3 కూడా ఉండదు. మేము ట్యాంకును గోడ అవతల పెట్టి 80 మి.మీ. పైపు, ఫుల్ బోర్ బాల్ వాల్వు వాడాం.

ట్యాంకు విషయంలో పొదుపు వద్దు. స్క్రాప్‌లో పాత గ్యాస్ ట్యాంకులు, బాయిలర్ డ్రమ్ములు చవగ్గా దొరుకుతాయి. 7 బార్ దగ్గర రెండు ఘనపు మీటర్ల గాలిలో దాదాపు 2 మెగాజూళ్ల శక్తి ఉంటుంది. టప్‌ను పై నుంచి ఊరికే వదిలితే వచ్చే శక్తికి అది వెయ్యి రెట్ల పైమాటే. గాలి ట్యాంకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 7938 ప్రకారం చేసిన కొత్త ట్యాంకు, సర్టిఫికెట్‌తో, సేఫ్టీ వాల్వుతో కొన్నాం. కాలానుగుణంగా కాంపిటెంట్ పర్సన్‌తో, అంటే అధికారిక గుర్తింపు ఉన్న పరీక్షకుడితో, పరీక్ష చేయిస్తున్నాం. ఆవిరి వదిలేశాం కాబట్టి బాయిలర్ చట్టం, సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్, పొద్దున్నే గంటల తరబడి మంట వేయడం ఇవన్నీ తప్పాయి. ప్రెషర్ ప్రమాదం మాత్రం తప్పలేదు.

వాల్వు: అసలు పని ఇక్కడే

మొదటిసారి గాలి ఎక్కించినప్పుడు హేమర్ చక్కగా లేచింది, కొట్టింది. కానీ లీవర్ మధ్యలో ఉంచి ఊరికే నిలబెట్టినా ఎగ్జాస్ట్‌లోంచి గాలి బుసకొడుతూనే ఉంది. ఇది ఊహించిందే. స్టీమ్ హేమర్ పిస్టన్ వాల్వును కావాలనే వదులుగా పెడతారు. గేజి మీద 6 బార్ ఉన్న ఆవిరి వేడి 165 డిగ్రీలు. 80 మి.మీ. పోత ఇనుము వాల్వు మామూలు వాతావరణపు వేడి నుంచి అంతకు వేడెక్కితే 0.12 మి.మీ. లావవుతుంది. చుట్టూ ఉన్న లైనర్ (వాల్వు జారే గొట్టం) కన్నా వాల్వే ముందు వేడెక్కుతుంది కాబట్టి ఆ మేరకు సందు ఇవ్వకపోతే పట్టేస్తుంది. ఆ సందులో ఆవిరి చెమ్మగా మారి నీటి పొరలా అడ్డుపడేది. గాలి చల్లగా ఉంటుంది, పొడిగా ఉంటుంది. ఆ సందు అలాగే తెరుచుకుని ఉంటుంది. మా వాల్వుకు అరుగుదల కూడా కలిసి సందు 0.2 మి.మీ. దాటింది.

లీకు కొలవడానికి ఖరీదైన మీటర్ అక్కర్లేదు. ట్యాంకు నింపి కంప్రెసర్ ఆపేయాలి. హేమర్ వాల్వు మధ్యలో పెట్టి, గేజి 6 నుంచి 5 బార్‌కు దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. మా ట్యాంకుకు ఆ ఒక బార్ విలువ రెండు ఘనపు మీటర్లు. అది నిమిషంలో దిగిపోయింది. అంటే 5 ఘనపు మీటర్ల కంప్రెసర్‌లో 40 శాతం గాలి ఏ పనీ చేయకుండానే పోతోంది.

లైనర్‌ను బోరింగ్ చేయించి, లోపల నునుపు తేలేలా హోనింగ్ కొట్టించాం. పోత ఇనుముతోనే కొత్త వాల్వు చేయించి సందు 0.05 మి.మీ.కి తెచ్చాం. వేడి లేదు కాబట్టి అంత దగ్గరగా పెట్టే ధైర్యం చేయొచ్చు. ఇంత పలచని సందులో లీకు దాదాపు సందు ఘనం లెక్కన మారుతుంది, సందు సగమైతే లీకు ఎనిమిదో వంతు అవుతుంది. అందుకే ఈ ఒక్క భాగానికి మంచి టర్నర్ దగ్గరికి వెళ్లాలి. పిస్టన్ రింగులు కొత్తవి వేశాం, వేడికి వదిలే మూతి సందు తగ్గించాం. గ్లాండ్‌లో గ్రాఫైట్ కలిపిన పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ప్యాకింగ్ పెట్టాం. తర్వాత అదే పరీక్షలో ఒక బార్ దిగడానికి ఏడు నిమిషాలు పట్టింది. వాల్వుకు పెట్టిన ప్రతి రూపాయీ కరెంటు బిల్లులో తిరిగి వస్తోంది.

నూనె, నీళ్లు

స్టీమ్ సిలిండర్ ఆయిల్ జిగటగా, నల్లగా, చాలా చిక్కగా ఉంటుంది. చల్లటి గాలిలో అది వాల్వును పట్టుకుని కూర్చుంటుంది, డ్రైవర్ చేతికి లీవర్ బరువుగా తగులుతుంది. మాకు ఆధారం చీమకుర్తి గ్రానైట్ క్వారీల దగ్గర దొరికింది. అక్కడ జాక్‌హామర్లకు గాలి పైపు మధ్యలో లైన్ ఆయిలర్ పెట్టి రాక్ డ్రిల్ ఆయిల్ వాడతారు. దెబ్బలు, తేమ, గాలి వేగం, మన ఇబ్బందులన్నీ వాళ్లకూ ఉన్నవే. అదే ఆయిలర్, అదే ఆయిల్ 100 గ్రేడులో పెట్టాం. ఎగ్జాస్ట్ నోటి దగ్గర తెల్ల కాగితం పట్టుకుంటే లేత నూనె మరక పడాలి. చుక్కలు కారితే ఎక్కువైనట్టు, పొడిగా ఉంటే తక్కువైనట్టు.

పాత కాలంలో గనుల్లో గాలిని సిలిండర్‌లోకి పోయేముందు వేడి చేసేవారు. 30 డిగ్రీల గాలిని 120కి వేడిచేస్తే పరిమాణం దాదాపు 30 శాతం పెరుగుతుంది. ఫర్నేస్ పక్కనే ఉంది కదా, దాని పొగగొట్టం వేడి వాడుకోవచ్చు కదా అని మా ఇంజినీర్ కుర్రాడు సరదాపడ్డాడు. లెక్క నిజమే. కానీ స్క్రూ కంప్రెసర్ నుంచి వచ్చే నూనె తుంపర్లు వేడి పైపులో పేరుకుంటే మంట అంటుకునే అవకాశం ఉంటుంది. నేను ఒప్పుకోలేదు.

నీళ్ల సంగతి కృష్ణా తీరం వాళ్లకు ప్రత్యేకం. వానాకాలంలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీరుంటుంది. మా వాడకంలో గంటకు 180 ఘనపు మీటర్ల గాలి లోపలికి పోతుంది. దాన్ని నొక్కి చల్లారిస్తే గంటకు మూడు లీటర్లకు పైగా నీరు దిగుతుంది. అందుకే ఆఫ్టర్ కూలర్ తర్వాత సెపరేటర్, ట్యాంకు అడుగున ఆటో డ్రెయిన్, హేమర్ ముందు ఇంకో చిన్న డ్రెయిన్ పాట్ పెట్టాం. సిలిండర్ పాత డ్రెయిన్ కాక్‌లు తీసేయమన్నారు కొందరు. తీయలేదు. పొద్దున్నే అవి తెరిచి ఊదితే రాత్రి నిలిచిన చెమ్మ పోతుంది.

పునాది

మాది నల్లరేగడి. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది, కొంచెం తవ్వితే నీళ్లు. ఐఎస్ 2974 రెండో భాగం హేమర్ పునాదుల గురించే, స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో దాని ప్రకారమే డిజైన్ చేయించాం. నల్లమట్టి తీసేసి గ్రావెల్ నింపి, మూడు మీటర్ల పొడవు, 2.4 వెడల్పు, ఒకటిన్నర మీటర్ల లోతు కాంక్రీట్ దిమ్మె పోశాం. సుమారు 26 టన్నులు, టప్ బరువుకు వంద రెట్లు. దాని మీద సాల్ చెక్క దిమ్మెలు ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా, తారు పూసి పరిచి ఆ పైన దాగలి దిమ్మెను కూర్చోబెట్టాం. ఫ్రేమ్ పాదాలకూ దాగలి దిమ్మెకూ మధ్య ఖాళీ వదిలాం. దాగలి వణుకు ఫ్రేమ్‌కు తగలకూడదు.

చెక్క కొన్నాళ్లు అణుగుతుంది, దాగలి దిగుతుంది. ఇది చూసుకోకపోతే అసలు ప్రమాదం పైన సిలిండర్‌లో జరుగుతుంది. దాగలి దిగిన కొద్దీ, డైలు అరిగిన కొద్దీ పిస్టన్ ఇంకా కిందికి వస్తుంది. చివరికి డైలు కలవక ముందే పిస్టన్ కింది కవర్‌ను కొడుతుంది, కవర్ పగులుతుంది. అందుకే టప్ గైడ్ మీద ఎర్ర గీత కొట్టించాం. డైలు కలిసినప్పుడు టప్ ఆ గీత దాటితే పని ఆపి కింద ప్లేటు వేయాలి.

గాలి చావదు

రైల్వే వర్క్‌షాపులో హేమర్ డ్రైవర్‌గా రిటైరైన ఒక పెద్దాయన్ని మా కుర్రాళ్లకు నేర్పమని పిలిచాం. ఆయన మొదట లీవర్ ముట్టుకోలేదు. పైపు వెంట నడిచి ఎక్కడ ఏ వాల్వు ఉందో చూసుకుని, "ఆవిరైతే రాత్రికి చచ్చిపోద్ది బాబూ. గాలి చావదు. నువ్వు తాళం వేసుకుని ఇంటికెళ్లినా లోపల కూర్చునే ఉంటది" అన్నారు.

"మరి ఏం చేద్దాం మేస్త్రీ గారూ?" అంటే, "డై మార్చేవాడి జేబులో తాళం ఉండాలి" అన్నారు.

ఆయన మాట ప్రకారమే చేశాం. హేమర్ ముందున్న మెయిన్ వాల్వు, మూసినప్పుడు హేమర్ వైపు మిగిలిన గాలిని బయటికి వదిలే రకం. దానికి తాళం. డై మార్చాలన్నా, గ్లాండ్ బిగించాలన్నా వాల్వు మూసి, తాళం వేసి, లీవర్ అటూ ఇటూ కదిపి రెండు వైపులా గాలి పోయిందని చూసుకుని, టప్ కింద ఉక్కు ప్రాప్ (ఊత) నిలబెట్టాకే చేయి లోపల పెట్టాలి. తాళంచెవి ఆ పని చేసే మనిషి దగ్గరే ఉంటుంది, సూపర్‌వైజర్ దగ్గర కాదు.

ఇప్పుడు ఎలా నడుస్తోంది

75 మి.మీ. బిల్లెట్ ఇప్పుడు మధ్య వరకు కదులుతోంది. కొసలు గుంట పడటం లేదు, పక్కలు నిండుగా పొంగుతున్నాయి. షాఫ్టు మెట్లు దింపేటప్పుడు డ్రైవర్ టప్‌తో కమ్మిని అదిమి పట్టి ఉంచుతుంటే పట్కారు పట్టినవాడికి సగం శ్రమ తగ్గింది. డైలను పొద్దున్నే 150 డిగ్రీల వరకు వేడి చేసి గానీ మొదటి దెబ్బ వేయం, చల్లని డై పగిలితే ముక్క తూటాలా వస్తుంది.

కంప్రెసర్ పని గంటల్లో దాదాపు 60 శాతం లోడ్‌లో ఉంటోంది. లోడ్, అన్‌లోడ్ కలిపి గంటకు 24 యూనిట్ల దగ్గర తేలుతోంది. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకుంటే 190 రూపాయలు చిల్లర. మొత్తం ఖర్చులో హేమర్ వాటా చిన్నదే. కంప్రెసర్, ట్యాంకు, పునాది కలిపి దానికి చాలా రెట్లయ్యాయి. ఇలాంటి హేమర్ చవగ్గా దొరికిందని వెంటనే పాడేయాలనుకునేవాళ్లు ఈ మూడింటికీ కొటేషన్లు తెచ్చుకున్నాకే వేలానికి వెళ్లండి.

ఇంకా తేలాల్సింది ఎగ్జాస్ట్ చప్పుడు. ఇప్పుడు 100 మి.మీ. పైపు కప్పు మీదికి వేసి చివర పెద్ద డ్రమ్ పెట్టాం. నూనె తుంపర అందులో ఆగుతోంది, శబ్దం కొంత తగ్గింది, లోపల పనివాళ్లకు చెవి మఫ్‌లు తప్పనిసరి. ఇంకా గట్టిగా అడ్డుపెడితే బ్యాక్ ప్రెషర్ (బయటికి పోయే గాలికి ఎదురు ఒత్తిడి) పెరిగి దెబ్బ బలం తగ్గుతుంది. ఆ డ్రమ్ముకు రెట్టింపు పెద్దది, లోపల రెండు గదులతో, చేయిస్తున్నాం. బిగించాక ఎగ్జాస్ట్ పోర్టు దగ్గర గేజి పెట్టి ముందూ వెనకా ఒత్తిడి కొలుస్తాం.